మొదట తట్టిన జవాబు

మా చెల్లెలి కూతురు సాహితిని లాంగ్ టర్మ్ కోచింగ్ హాస్టల్లో దింపడానికి మొన్న దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. పరుపు దాని భుజాన, బకెట్ నా చేతిలో. మూడో అంతస్తు మెట్లెక్కి ఆయాసపడుతూ వరండాలో నిలబడ్డానో లేదో, స్నానాల గదుల వైపు నుంచి ఒక గొంతు వినిపించింది. "డాక్టర్, నీ మగ్గు తీస్కుంటున్న." దానికి ఎదురుగదిలోంచి, "తీస్కో డాక్టర్, సబ్బు మాత్రం ముట్టకు" అని జవాబు. బకెట్ కింద పెట్టి గోడకానుకుని నవ్వుకున్నాను. మా రోజుల్లో ఎంసెట్, ఇప్పుడు నీట్. మెట్రో వచ్చింది, మేం తిన్న మెస్సు ఉన్నచోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. సీటు రాకముందే డాక్టరైపోయే జబ్బుకు మాత్రం ముప్పై ఏళ్ళు దాటినా మందు కనిపెట్టలేదు.

ఆ జబ్బు నాకూ మూడేళ్ళు ఉండింది. మూడుసార్లు లాంగ్ టర్మ్ చేసి, మూడుసార్లూ సీటు రాక, చివరికి బీఎస్సీలో చేరి, జువాలజీ లెక్చరర్నై, ఇప్పుడు రిటైరయ్యే వయసులో మన్సూరాబాద్‌లో ఇంట్లో కూర్చుని నీట్ పిల్లల పుస్తకాలకు బిట్లు రాస్తున్నాను. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు. అందులో ఒకటే నిజం, మూడు అబద్ధాలు. నిజం ఎవరైనా రాస్తారు. చదివిన పిల్ల కూడా నమ్మేలా అబద్ధం రాయడానికే పనితనం కావాలి, అది నాకు బాగా వచ్చు. ఎందుకు వచ్చో ఇప్పుడు చెప్పబోతున్నాను.

పక్క సర్దుతూ సాహితిని ఊరికే ఒక బిట్ అడిగాను. అది కాసేపు ఫ్యాన్ వైపు చూసి వదిలేస్తున్నానంది. తెలిసినంత చెప్పమంటే, "తెల్వకపోతే వదిలెయ్యాలె పెద్దమ్మా, మైనస్ పడ్తది" అంది. నిజమే, వీళ్ళకు తప్పు రాస్తే ఉన్న మార్కు కూడా పోతుంది. అందుకేనేమో, తిన్నావా అని అడిగినా ఈ పిల్లలు ఒకసారి ఆలోచించుకునిగాని చెప్పరు. మాకు మైనస్ లేదు. తెలిసినా తెలియకపోయినా ఏదో ఒక గుండ్రం దిద్దెయ్యడమే, పోయేదేమీ లేదు. మా తరం మొత్తం అలాగే తయారైంది. అడిగినదానికీ అడగనిదానికీ గట్టిగా జవాబు చెప్పేస్తాం. ఆరోజు గేటు దగ్గర సాహితి నా చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మా, నాకు సీటొస్తదా?" అంది. రెప్పపాటు కూడా ఆగకుండా, "వస్తది బిడ్డా, ఎందుకు రాదు" అనేశాను. అది తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఎప్పటిలాగే, దిల్‌సుఖ్‌నగర్ వచ్చాను కదా అని, రెండు సందుల అవతల చీరల కొట్టు నడుపుతున్న నా పాత హాస్టల్ స్నేహితురాలు పుష్పను చూద్దామని బయల్దేరాను. ఆ రెండు సందులూ నడిచేసరికి మా హాస్టల్ మొత్తం కళ్ళ ముందు తిరిగింది.

మాది ఆడపిల్లల హాస్టల్. పాత రెండంతస్తుల ఇల్లు, ప్లైవుడ్ చెక్కలతో అడ్డాలు కట్టిన గదులు. ఒక గదిలో తుమ్మితే నాలుగో గదిలోంచి "చిరంజీవ" అనేవాళ్ళు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా అందరి ఒంటి మీదా నైటీ, దాని మీద మర్యాద కోసం ఒక చున్నీ. కోచింగ్‌కు వెళ్ళేటప్పుడు తప్ప అద్దం చూసేవాళ్ళం కాదు. జడ వేసుకుంటూ మూలకాల పట్టిక, పళ్ళు తోముకుంటూ ఆకుల రకాలు అప్పజెప్పుకునేవాళ్ళం. ఖాళీగా కూర్చుంటే చెయ్యి ఊరుకునేది కాదు. న్యూస్‌పేపర్లో సున్నా కనిపిస్తే పెన్సిల్‌తో నింపెయ్యడమే. మా మధ్య కులాలు కూడా ఉండేవి. ఇంటర్ అయి నేరుగా వచ్చినవాళ్ళు ఫ్రెషర్లు, వాళ్ళతో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఒక ఏడాది తప్పినవాళ్ళకు కిటికీ పక్క మంచం. రెండేళ్ళు తప్పినవాళ్ళకు నీళ్ళు ఆగిపోకముందే స్నానం చేసే హక్కు. మూడేళ్ళు తప్పినవాళ్ళను చూస్తే ఫ్రెషర్లు లేచి నిలబడేవాళ్ళు. ప్రపంచంలో ఇంకెక్కడా తప్పినకొద్దీ గౌరవం పెరగడం నేను చూడలేదు. కూరలో వంకాయ వస్తే సిలబస్‌లో లేదని పక్కకు నెట్టేవాళ్ళం. దేవుళ్ళకు కూడా వెయిటేజీ ఉండేది. గురువారం బాబా గుడికి తప్పనిసరి, మిగతా గుళ్ళు టైముంటేనే.

హాస్టల్ నడిపేది అనసూయమ్మగారు, మాకందరికీ ఆంటీ. తెనాలి వైపు మనిషి. భర్త ఉద్యోగం మీద హైదరాబాద్ వచ్చారు, ఆయన పోయాక ఈ ఇల్లే హాస్టల్‌గా మార్చుకున్నారు. పొద్దున్నే ఆంటీ ఉప్మాకు పోపు వేస్తే ఇంగువ వాసన ముందు గదులన్నీ తిరిగొచ్చి, తర్వాత వీధిలోకి పోయేది. వంటింటి గుమ్మం దగ్గర ఒక ఎత్తు పీట వేసుకుని కూర్చుని, ఎవరు ఎన్ని పూరీలు తిన్నారో చూసేవారు. తక్కువ తిన్నదాని వెంటపడేవారు. అంతమంది ఆడపిల్లలను కాపలా కాస్తూ ఒక్కరినీ గట్టిగా కేకలేసి ఎరగరు. ఆవిడకున్న బలహీనత ఒక్కటే. మేం నిజంగా డాక్టర్లమని నమ్మేవారు.

అలా పుట్టింది మా మెడికల్ బోర్డు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మెస్సులో కూర్చునేది. ఆంటీ వారమంతా దాచుకున్న నొప్పులన్నీ తెచ్చి బోర్డు ముందు పెట్టేవారు. బోర్డుకు అధ్యక్షురాలు మాధవి. గుంటూరు పిల్ల, హాస్టల్లో ఎప్పుడూ ఫస్ట్ ర్యాంక్, అద్దాల్లోంచి చూస్తే ఎదుటివాళ్ళకు లేని జబ్బు కూడా వచ్చేట్టుండేది. నేను సభ్యురాలిని. మాకు బొద్దింక గుండెకు పదమూడు గదులని నిద్రలో లేపి అడిగినా తెలుసు. మనిషి గుండెకు నాలుగే కాబట్టి మనిషి తేలిక అనుకునేవాళ్ళం. ఆంటీ చెప్పగానే ఎవరో ఒకరు నాలుగు జవాబులు తయారుచేసేవాళ్ళు. ఎ, గ్యాస్. బి, వేడి చేసింది. సి, నీరసం. డి, పైవేవీ కాదు. నాలుగు జవాబులు లేకపోతే మాకు ఆలోచనే నడిచేది కాదు. చర్చ జరిగేది, చేతులెత్తేవాళ్ళం, తీర్పు ఎప్పుడూ గ్యాసే. వాము నీళ్ళు తాగితే ఆంటీకి తగ్గేది కూడా, అదే మా ఖర్మ. తగ్గినకొద్దీ ఆవిడకు మా మీదా, మాకు మా మీదా నమ్మకం పెరిగిపోయింది.

పుష్పకు బోర్డులో చోటు లేదు. పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు, ఇంట్లో అందరూ నేసేవాళ్ళే. వాళ్ళ నాన్న డాక్టరమ్మను చెయ్యాలని తెచ్చి ఇక్కడ దింపితే, ఏ పరీక్షలో చూసినా అట్టడుగున ఉండేది. దానికున్న పెద్ద లోపం, ఏమడిగినా ముఖం మీదే "నాకు తెల్వది" అనెయ్యడం. మైనస్ లేకపోయినా పరీక్షల్లో తెలియనివి ఖాళీగా వదిలేసి వచ్చేది. ఊరికే దిద్దినా పావు వంతు కలిసొస్తాయి కదే అని మాధవి తలబాదుకుంటే, తెలవంది తెలిసినట్టు ఎట్ల దిద్దాలని అడిగేది. అది మాకు పెద్ద జోకు. తెలియదు అనే మాట డాక్టర్ నోట రాకూడదని మాకెవరు నేర్పారో గాని, అందరికీ గట్టిగా నాటుకుంది.

మాకు నేర్పిన ఇంకో సంగతి ఉంది. జువాలజీ సార్ ప్రతి పరీక్షకు ముందూ చెప్పేవాడు, మొదట తట్టిన జవాబే కరెక్టు, దాన్ని మార్చొద్దు అని. మార్చినవాళ్ళు ఎలా మునిగారో పాత బ్యాచ్‌ల కథలు చెప్పేవాడు. అవన్నీ నిజమేనేమో. మేం ఆ మాటను రబ్బరు మర్చిపోయి వెళ్ళేంతగా పాటించేవాళ్ళం.

అసలు పరీక్షకు నెల ముందు గ్రాండ్ టెస్ట్ ఉండేది, ఆదివారం పొద్దున. అందులో వచ్చిన ర్యాంకును బట్టి చివరి నెలకు బ్యాచ్‌లు మార్చేవాళ్ళు. తొమ్మిదికి గేటు మూస్తే తర్వాత దేవుడొచ్చినా తెరవరు. ఆసారి జువాలజీలో రక్తప్రసరణకే ఎక్కువ మార్కులని చెప్పారు. వారమంతా హాస్టల్లో గుండె తప్ప వేరే మాట లేదు. ప్లైవుడ్ గోడల మీద గుండె బొమ్మలు, చీపురు పట్టుకుని ఊడుస్తూ గుండె జబ్బుల లక్షణాలు. ఆ ఆదివారం పొద్దున ఆంటీ ఇడ్లీలు వడ్డిస్తూ వడ్డిస్తూ మధ్యలో ఆగి పీట మీద కూర్చున్నారు. జాకెట్ వీపంతా తడిసిపోయి ఉంది. కొంగుతో మెడ తుడుచుకుని, "ఏమ్మా డాక్టర్లూ, పొద్దున్నించీ ఈ ఎడం చెయ్యి లాగేస్తోందే. దవడ కూడానూ. ఏమై ఉంటుందంటారు?" అన్నారు.

టైము ఎనిమిది దాటింది. నేను ఆంటీకి దగ్గరగా ఉన్నాను కాబట్టి మణికట్టు పట్టుకున్నాను. నాడి చూడటం నాకు రాదు, పట్టుకోవడం మాత్రం వచ్చు. పట్టుకుంటూనే "గ్యాస్ ఆంటీ" అనేశాను. ఆ తర్వాత ఆ చెయ్యి నా చేతికి తెలిసింది. నీళ్ళలోంచి తీసినట్టు చల్లగా, తడిగా ఉంది. ఎడమ చెయ్యి, దవడ, చెమట అని లోపల ఒక్కొక్కటే లెక్కకొచ్చాయి. వారమంతా బట్టీపట్టిన పేజీ కళ్ళ ముందుకొచ్చింది. గుండె అనిపించింది. కాని మొదటి జవాబు నోట్లోంచి వెళ్ళిపోయింది. మాధవి అప్పటికే నేను చెప్పినదే ఖాయం చేసి, వాము నీళ్ళు, కాస్త సోడా అని రాసిచ్చినట్టు చెప్పేసింది. నేను నోరు విప్పితే బోర్డు మళ్ళీ కూర్చోవాలి, ఎవరో ఒకరు ఆంటీతో వెళ్ళాలి, గేటు తొమ్మిదికి మూస్తారు. ఇవన్నీ ఆలోచించానని ఇప్పుడు రాస్తున్నాను గాని, అప్పుడు ఆలోచించిందేమీ లేదు. చెయ్యి వదిలేసి పెన్సిళ్ళ డబ్బా తీసుకున్నాను.

మూలన గోడవారగా కూర్చుని ఇడ్లీ తింటున్న పుష్ప చేతులు కడుక్కుని వచ్చింది. నీకేమనిపిస్తోందని మాధవి వెటకారంగా అడిగింది. "నాకు తెల్వది. దవాఖానకు పోదాం పా ఆంటీ" అంది పుష్ప. గేటు మూస్తారే, బ్యాచ్ పోతుందే అని అందరం ఒక్కసారిగా మొదలుపెట్టాం. అది వాదించలేదు. పరీక్ష అట్టను ఆంటీ చేతికిచ్చి విసురుకొమ్మని, చున్నీ సర్దుకుని ఆటో కోసం రోడ్డు మీదకు వెళ్ళింది. మేం కోచింగ్ సెంటర్ వైపు పరుగెత్తాం. దారిలో మాధవి పుష్ప గురించి ఏదో అంది, అందరితో పాటు నేనూ నవ్వాను.

జువాలజీ భాగం సగానికి వచ్చాక ఆ ప్రశ్న వచ్చింది. ఎడమ చేతికి, దవడకు పాకే నొప్పి, చెమటలు, దేని లక్షణం? నాలుగు జవాబులు. గ్యాస్ అందులో లేనే లేదు. నా పెన్సిల్ ఆగకుండా సరైన గుండ్రం దిద్దేసింది, కరెక్టు జవాబు దిద్దినప్పుడు వచ్చే చిన్న సంతోషం కూడా ఎప్పటిలాగే వచ్చింది. ఆ సంతోషం ఇంకా పోకముందే ఆంటీ తడిసిన జాకెట్ వీపు గుర్తొచ్చింది. లేచి బయటికి పరుగెత్తవచ్చు. గేటు వచ్చేవాళ్ళకే మూస్తారు, పోయేవాళ్ళను ఎవరూ ఆపరు. నేను లేవలేదు. పేజీ తిప్పి తర్వాత ప్రశ్న చదివాను, దాని తర్వాతది చదివాను, కెమిస్ట్రీ మొత్తం రాశాను. గుండ్రం బయటికి పోకుండా మోచెయ్యి బల్లకు ఆనించి మరీ రాశాను. నా జీవితంలో నన్ను నేను అసహ్యించుకున్న గంటలు కొన్ని ఉన్నాయి, వాటన్నిటిలో అదే మొదటిది. అందులో ఒక్క ప్రశ్న కూడా వదిలిపెట్టలేదు.

హాస్టల్‌కు వచ్చేసరికి పొయ్యి వెలిగించి లేదు. బియ్యం నానుతూనే ఉన్నాయి. భోజనం ఏదని గొణిగినవాళ్ళే ఎక్కువ, వాళ్ళలో నేనూ ఉన్నాను, ఆకలి అబద్ధం చెప్పదు. పొద్దు వాలుతుండగా పుష్ప వచ్చింది. ఆసుపత్రిలో తీసిచ్చిన ఆంటీ గాజులు చున్నీ కొంగున ముడేసుకుని ఉంది. నీళ్ళు తాగి, గుండెపోటని, ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టర్ చెప్పాడని, ఇప్పుడు భయం లేదని చెప్పింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. గాజులు మాధవికిచ్చి బియ్యం వండటానికి వెళ్ళింది. మాధవి గాజులు ఒళ్ళో పెట్టుకుని చీకటి పడేదాకా ఏడ్చింది. ఆ పిల్ల మంచిదే. ఆ ఏడాదే సీటు తెచ్చుకుంది. ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో పెద్ద డాక్టర్, కడుపు జబ్బులు చూస్తుంది. అంటే గ్యాస్ అనే మాట మీదే ఉండిపోయిందని నేను వెక్కిరిస్తే, బోర్డు తీర్పును కాపాడుకుంటున్నానని తనూ నవ్వుతుంది.

పుష్ప బ్యాచ్ పోలేదు. అప్పటికే ఆఖరి బ్యాచ్‌లో ఉంది కాబట్టి, ఇంకా కిందికి పంపడానికి బ్యాచ్ లేక అక్కడే ఉంచారు. నాకు గ్రాండ్ టెస్ట్‌లో నాలుగో ర్యాంకు వచ్చింది. అంతకు ముందు ఎప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు. ఆంటీ ఆసుపత్రి నుంచి వచ్చాక, చిక్కిపోయిన చేతులతో ఆ పీట మీద కూర్చుని, ఎవరో చెబితే విని నన్ను పిలిచారు. "నాలుగో ర్యాంకంటగా, నా తల్లే" అని రవ్వలడ్డు నా చేతిలో పెట్టి తల నిమిరారు. ఆ లడ్డు గొంతు దిగలేదని రాయాలని ఉంది. దిగింది, బాగుంది కూడా. అందుకే ఇన్నేళ్ళూ నన్ను వదల్లేదు. ఆ తర్వాత బోర్డు ఎప్పుడూ కూర్చోలేదు. ఆంటీకి ఎక్కడ నొప్పెట్టినా పుష్పనే అడిగేవారు, అది ప్రతిసారీ తెల్వదనేది, పోదామా అనేది. ఆంటీ నవ్వి లేచి వంట చేసుకునేవారు. ఆవిడ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు. ప్రతి ఏడాదీ వెళ్ళి చూసి వచ్చేదాన్ని, ప్రతిసారీ చెబుదామనుకునేదాన్ని, చెప్పలేదు.

పుష్ప కొట్టులో ఆరోజు బేరాలు లేవు. ఊరి నుంచి తెచ్చిన ఇక్కత్ చీరల మడతలు సరిచేస్తూ, నన్ను చూసి కుర్చీ లాగి, చాయ్ తెప్పించింది. సాహితి హాస్టల్ సంగతులు, మగ్గు సంగతి చెబితే నవ్వింది. ఆ నవ్వులో ఉండగానే నాకు నోరు జారింది. గ్రాండ్ టెస్ట్ రోజున ఆంటీ చెయ్యి పట్టుకున్నప్పుడే నాకు గుండె అని తెలిసిందని, అయినా గ్యాస్ అన్నమాట మార్చలేదని, పరీక్షలో ఆ ప్రశ్న వచ్చిందని, కరెక్టు దిద్ది కూడా లేవలేదని చెప్పేశాను. ముప్పై ఏళ్ళుగా దాచినదానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. పుష్ప మడత పెడుతున్న చీర అలాగే ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు ఎరుకనే సుజాతా" అంది. "నాకేం దెలుసు గప్పుడు గుండె గురించి. ఆంటీ చెయ్యి వట్టుకున్నవ్ గదా, నీ మొఖం జూసిన. నోటితోని గ్యాస్ అన్నవ్ గని, నీ మొఖం గ్యాస్ అనలే. గా మొఖం జూసే నేను భయపడ్డ. గందుకే ఆటో పిలిచిన."

నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అది చాయ్ చల్లారుతుందని గుర్తుచేసి, చీర మడత మళ్ళీ మొదలుపెట్టింది. నన్ను ఓదార్చిందో, ఇంకాస్త లోతుగా గుచ్చిందో దానికే తెలియదు, అడిగినా ఏమంటుందో నాకు తెలుసు.

కొట్టు దిగి మెట్రో స్టేషన్ దాకా వచ్చాను. మెట్ల మీద కాలు పెట్టాక సాహితి గుర్తొచ్చింది. గేటు దగ్గర చెయ్యి పట్టుకుని సీటొస్తదా అని అడిగినప్పుడు, వస్తదని అన్నది నా నోరు. అది జవాబు విన్నాక కూడా ఒక క్షణం నా ముఖంలోకే చూసిందని ఇప్పుడు తెలిసింది. అక్కడ దానికేం కనబడిందో. గంట కింద నేను చెప్పిన జవాబు మార్చడానికి ఇంకా టైముంది, గేటు మూసే వేళ కాలేదు. నాకు తెల్వది బిడ్డా, వచ్చినా రాకపోయినా నేను తోడుంటా అని చెప్పడానికి వెనక్కి తిరిగి, హాస్టల్ సందులోకి నడిచాను.